చూస్తూ ఊరుకోవటం ఎవరి నీతి?

జోసెఫ్ టోబిన్, డేవిడ్ వూ, డానా డేవిడ్‌సన్ 1989లో తెచ్చిన ‘ప్రీస్కూల్ ఇన్ త్రీ కల్చర్స్’ పసిపిల్లల టీచర్ల గురించి ఆలోచించేవాళ్లంతా చదవాల్సిన పుస్తకం. జపాన్, చైనా, అమెరికాల్లో ఒక్కో బడిలో ఒక రోజును వీడియో తీశారు. దాన్ని ముందు ఆ టీచర్లకే, తర్వాత ఆ దేశంలోని ఇతర టీచర్లకు, ఆపైన మిగతా రెండు దేశాల వాళ్లకు చూపించి మాట్లాడించారు. టీచరు చేసే చిన్న పని వెనక కూడా ఒక నీతి ఉంటుందని ఈ పద్ధతి తేల్చింది. ఆ మేలును మేము కాదనం.

అందరికీ గుర్తుండిపోయేది క్యోటో బడిలోని హిరోకి. నాలుగేళ్లవాడు. తోటి పిల్లల్ని కొడతాడు, అల్లరి చేస్తాడు. టీచరమ్మ చూస్తుంది గానీ చాలావరకు అడ్డుపడదు. అమెరికా వాళ్లకిది బాధ్యత వదిలెయ్యటంలా కనిపించింది. జపాన్ టీచర్లకేమో పిల్లలు తమ తగువు తామే తీర్చుకోవటం నేర్చుకునే అవకాశం. ఎవరి సంస్కృతి వారిది అనుకుని చాలామంది పుస్తకం మూసేస్తారు.

మా పేచీ అక్కడే. సంస్కృతంటే దేశమే అనుకుంటే దేశంలోపలి ఊరూ వాడా కనపడవు. జపాన్‌లో అంటరానివాళ్లుగా చూడబడిన బురాకు జనం 1922లో తమ విముక్తి కోసం సుయిహైషా సంఘాన్ని పెట్టుకున్నది ఈ క్యోటోలోనే. బురాకు బిడ్డను మిగతా పిల్లలు వెలివేస్తే టీచరు చూస్తూ ఊరుకోవచ్చా? ఈ ప్రశ్న అడక్కుండా ‘జపాన్ టీచర్ల నీతి’ అని ఒక్క మాటలో ఎట్లా అంటాం? 2009లో వచ్చిన రెండో పుస్తకం కాలం తెచ్చిన మార్పుల్ని కూడా చూసింది. కొలబద్ద మాత్రం దేశమే.

మన సంగతి చూద్దాం. 1975లో ఐసిడిఎస్ మొదలైంది. అంగన్‌వాడీ ఊళ్లో ఉందా, వాడలో ఉందా అన్నదాన్ని బట్టి ఎవరి పిల్లలొస్తారో తేలిపోయే చోట్లు మనకు తెలుసు. మాదిగ పిల్ల ముట్టిన గ్లాసును ఇంకో పిల్ల తోసేస్తే అది పిల్లల తగువు కాదు, పెద్దలు నేర్పిన కులం. అక్కడ ఊరుకున్న టీచరు మధ్యస్థంగా లేదు, ఊరి పక్షాన ఉంది.

ఆ టీచరే దళిత స్త్రీ అయితే? ఆమె చేతి తిండి వద్దని పిల్లల్ని పంపని ఊళ్లున్నాయి. అట్లాంటి చోట అడ్డుపడితే ఆమె బతుకుదెరువే పోవచ్చు. పిల్లలంతా సమానమే అని శిక్షణలో చెప్పి పంపితే ఆమెకు ఏం ఆసరా?

అందుకే టోబిన్ పద్ధతిని మనం తీసుకోవాలి, కొలబద్దను మార్చాలి. ఒక అంగన్‌వాడీ రోజును ఊరి టీచర్లకూ వాడ టీచర్లకూ చూపించి, ఎదురెదురుగా కూచోబెట్టి మాట్లాడించాలి. శిక్షణ అక్కణ్నించి మొదలుకావాలి.