పంది, ఎలుక, మళ్లీ ఎలుక

‘బాండికూట్ రాట్’ అనే ఇంగ్లిషు సమాసాన్ని విప్పితే పంది, ఎలుక, మళ్లీ ఎలుక అని వస్తుంది. మొదటి రెండూ తెలుగువే. కొక్కు అంటే పెద్ద ఎలుక; రెచ్చగొడితే పందిలా గుర్రుమంటుంది కాబట్టి పందికొక్కు అయింది. దక్షిణాదిన కొలువు చేసిన ఇంగ్లిషువాళ్ల నోట ‘ప’ కాస్తా ‘బ’గా మారింది, ‘కొక్కు’ అరిగి ‘కూట్’ అయింది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ దీని పుట్టిల్లు తెలుగేనని రాశారు. తెలుగు మాటలు ఎక్కడెక్కడికి వెళ్లాయో జాబితాలు కట్టే ఉత్సాహవంతులు ఇక్కడే చంకలు గుద్దుకుని ఆగిపోతారు.

మరి రెండో ఎలుక ఎందుకు? 1799 నాటికే ఈ పేరు ఆస్ట్రేలియా చేరింది. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఓ చిన్న జంతువుకు వలసవచ్చిన ఇంగ్లిషువాళ్లు దాన్ని తగిలించారు. అది ఎలుక జాతే కాదు. కంగారూలాగా పిల్లల్ని పొట్టసంచిలో పెంచుతుంది. కానీ ఇంగ్లిషులో బాండికూట్ అనగానే అదే గుర్తొచ్చే రోజులు వచ్చాయి. దాంతో అసలు పందికొక్కు తాను ఎలుకనేనని పేరు చివర చెప్పుకోవలసి వచ్చింది. శాస్త్రజ్ఞులు మాత్రం ‘బాండికోటా’ అనే ప్రజాతి పేరును దానికే ఉంచారు.

ఆస్ట్రేలియాలో పేర్ల గందరగోళం అంతటితో ఆగలేదు. ముందుకాళ్లకు గిట్టల్లాంటి రెండేసి వేళ్లున్న ఒక రకానికి ‘పిగ్-ఫుటెడ్ బాండికూట్’ అన్నారు. అంటే పందికాళ్ల పందికొక్కు. 1838లో ఓగిల్బీ అనే జంతుశాస్త్రజ్ఞుడు దాని శాస్త్రీయ నామంలో ‘తోకలేనిది’ అనే మాట చేర్చాడు. నిజానికి దానికి పొడుగాటి తోకే ఉంటుంది. ఆయనకు చేరిన నమూనాకే అది ఊడిపోయింది. 20వ శతాబ్దంలో ఆ జంతువే అంతరించింది.

ఇదంతా చూస్తే పేరు తప్పు గుమ్మం తొక్కిందనే అనిపిస్తుంది. అయితే ఆస్ట్రేలియా ఇంగ్లిషులో ‘బాండికూట్’ క్రియ కూడా అయింది. పైన ఆకు కదలకుండా, మట్టికింది బంగాళాదుంపలు దొంగతనంగా తవ్వుకుపోవడమని దాని అర్థం. వేరుశనగ చేను కాపాడుకునే రైతుకు ఈ అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ‘పందికొక్కుల్లా మేశారు’ అని రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకునేదీ ఇలాంటి పనికే. జంతువు మారింది గానీ, మాట గుణం మారలేదు.