అంతర్జాతీయ వ్యాపార పరిశోధనము – దాని భావిమార్గము

అంతర్జాతీయ వ్యాపార పరిశోధనము తన శక్తినంతటిని వెచ్చించి ఆగిపోవుచున్నదా అని 2002వ సంవత్సరమున పీటర్ బక్లీ అను ఆంగ్ల ఆర్థికశాస్త్రజ్ఞుడు ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ బిజినెస్ స్టడీస్’ పత్రికయందు ప్రశ్నించెను. ఆయన ఈ శాస్త్రమునకు పరాయివాడు కాడు; 1976లో మార్క్ కాసన్‌తో కలిసి బహుళజాతి సంస్థలనుగూర్చి సుప్రసిద్ధ గ్రంథమును రచించినవాడు. వెనుకటి పెద్దప్రశ్నలకు ఈ శాస్త్రము సమాధానము చెప్పినదనియు, వానితో సరితూగు క్రొత్తప్రశ్న కానరాకున్నదనియు ఆయన భావము. ఆ సందేహము నేటికిని విచారింపదగియే యున్నది.

పూర్వుల కృషి సామాన్యమైనది కాదు. పరదేశమున స్థానికులకున్న అనుకూలతలు లేని సంస్థ అచ్చట ఎట్లు నిలువగలుగుచున్నదని స్టీఫెన్ హైమర్ 1960లో తన సిద్ధాంతవ్యాసమున విచారించెను. వస్తువు పాతబడుకొలది దాని ఉత్పత్తిస్థానము దేశాంతరమునకు ఏల తరలునో 1966లో రేమండ్ వెర్నన్ వివరించెను. సంస్థలు మెల్లమెల్లగా అనుభవము గడించుచు విదేశములలో అడుగిడు తీరును 1977లో యోహాన్సన్, వాల్నే అను స్వీడను పండితులు నిరూపించిరి. వీరందరును తమ కాలమున కన్నులయెదుట జరుగుచున్న వింతను చూచి ప్రశ్నించినవారే. వారి బలము అదియే.

తరువాతివారియందు పద్ధతులు పెరిగినవి, ప్రశ్నలు చిన్నవైనవి. ఇందుకొక నిదర్శనము: గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐ.బి.ఎం. అను ఒక్క సంస్థలోని ఉద్యోగుల సమాధానములను ఆధారముగా గొని, 1980లో దేశముల సంస్కృతులను అంకెలలో కొలిచెను. ఆరంభమునకది సాహసోపేతమైన యత్నమే. కాని పిమ్మట ఎన్నియో వ్యాసములలో దేశమునకొక అంకె నిచ్చి సంస్కృతి తెలిసినదనుకొనుట పరిపాటి యయ్యెను. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాములలోని తెలుగువారికి ఈ కొలత చాలదని వేరుగా చెప్పనక్కరలేదు. ఒక భాష పలుకువారు పలు రాష్ట్రములలో, పలు భాషలవారితో తరతరములుగా వ్యాపారము చేయుచుండగా, వారినందరిని ఒక్క అంకెలో ఇముడ్చుట ఎట్లు?

రెండవ లోపము మరింత గంభీరమైనది. ఈ శాస్త్రము సంస్థనే చూచినది గాని, సరకును చేసినవానిని చూడలేదు. చీరాల ప్రాంతమున నేసిన ‘మదరాసు చేతిరుమాలు’ బట్ట పశ్చిమాఫ్రికాకు పోయి, నైజీరియాలోని కలబారీ ప్రజల శుభాశుభకర్మలయందు గౌరవస్థానము నందినది. షోలాపురమున స్థిరపడిన పద్మశాలీల మగ్గములనుండి వచ్చిన తువ్వాళ్లు విదేశములకు పోవుచున్నవి. ఆ నేతగాడు విదేశమున శాఖ తెరవలేదు, పెట్టుబడి పెట్టలేదు. అయినను అతని కూలి దూరదేశపు గిరాకీపై ఆధారపడియున్నది. అతడు ఏ సిద్ధాంతమునకు చెందును?

చరిత్రపట్ల ఉపేక్ష మూడవ లోపము. తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నావల సరకును రాజులు అపహరించు ఆచారమును మాని, నిర్ణీతసుంకము మాత్రమే గైకొందునని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున విదేశీవర్తకులకు అభయమిచ్చెను. దీనినిబట్టి మన పూర్వులకు సమస్తము తెలియునని చెప్పుకొనుట అతిశయోక్తి యగును. కాని రాజ్యము చూపు నమ్మకము వర్తకమునకు మూలధనమను విషయము ఇరువదవ శతాబ్దమున పుట్టినది కాదని మాత్రము ఒప్పుకొనవలెను.

2008 నాటి ఆర్థికసంక్షోభము, 2018లో అమెరికా చైనాల నడుమ మొదలైన సుంకముల పోరు, 2020 నాటి మహమ్మారి, 2022లో యుక్రెయిన్‌పై రష్యా సాగించిన దండయాత్ర, ఇవన్నియు రాజ్యశక్తిని వర్తకమధ్యమునకు మరల తెచ్చినవి. సుంకము పెరిగినపుడు నష్టము ఎవరెవరికి ఎంతెంత పంచబడుచున్నది? గొలుసునకు ఒక కొసనున్న కొనుగోలుదారు మాట రెండవ కొసనున్న మగ్గమునెట్లు శాసించుచున్నది? బక్లీ వెదకిన పెద్దప్రశ్న ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

దీనికి సమాధానము విశ్వవిద్యాలయముల పట్టికలలో మాత్రమే దొరకదు. మన కుటుంబముల పాతచిట్టాలలో, ఆవర్జాలలో, రేవుపట్టణములనుండి వచ్చిన ఉత్తరములలో ఆ సామగ్రి యున్నది, అది చెదలపాలగుచున్నది. ఊరూర నున్న తెలుగు సంఘములు వానిని సేకరించి భద్రపరచినచో, రాబోవు పరిశోధకుడు మనలనుగూర్చి ఊహించి వ్రాయవలసిన అవసరము తప్పును.