నాపరాళ్ల మీద కారు

పాత కారు ముందు చక్రాల దగ్గరుండే కాయిల్ స్ప్రింగుకు విశ్రాంతి అన్నది లేదు. కారు షెడ్డులో కదలకుండా నిలబడి ఉన్నా అది బరువు మోస్తూ నొక్కుకునే ఉంటుంది. మారుతి 800 బరువు సుమారు 650 కేజీలు. ఇంజను, గేర్‌బాక్సు ముందే ఉన్నందున అందులో సగానికి మించి ముందు రెండు స్ప్రింగుల మీదే పడుతుంది. జాకీ వేసి చక్రాన్ని గాల్లోకి లేపినా స్ప్రింగు పూర్తిగా వదులు కాదు. పైన ఒక కప్పు, కింద ఒక పళ్లెం, ఆ రెంటి మధ్య అది బిగిసే ఉంటుంది. పై కప్పు ఎగిరిపోకుండా ఆపేది షాక్ అబ్జార్బర్ కడ్డీ చివరనున్న ఒకే ఒక నట్టు. స్ప్రింగు మార్చే పనిలో ప్రమాదమంతా ఆ నట్టు దగ్గరే ఉంది.

పాత కార్లన్నీ ఈ విషయంలో ఒకటి కావు. అంబాసిడర్‌కు ముందువైపు కాయిల్ స్ప్రింగే లేదు. దాని స్థానంలో చాసిస్ వెంట పొడవుగా సాగే టార్షన్ బార్ ఉంటుంది, ఆ కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. ప్రీమియర్ పద్మినికి విష్‌బోన్‌లతో పాటు కాయిల్ స్ప్రింగు ఉంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఊళ్లలోకి మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ వచ్చింది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఈ అమరికలో షాక్ అబ్జార్బరు, స్ప్రింగు ఒకే స్తంభంగా కలిసి చక్రాన్ని నిలబెడతాయి. 800 తయారీ 2014లో ఆగిపోయింది. అయినా నకరికల్లు, రొంపిచర్ల, పిడుగురాళ్ల వైపు ఆ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా వాటి గురించే.

స్ప్రింగు అలసిపోయిందని కారే చెబుతుంది. చదునైన నేల మీద, నాలుగు టైర్లలో సరైన గాలి పెట్టి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవాలి. ఒక పక్క స్పష్టంగా తక్కువ ఉంటే ఆ పక్క స్ప్రింగు కుంగిపోయిందనో విరిగిందనో అనుమానించాలి. స్టీరింగు తిప్పినప్పుడు 'టంగు'మనే చప్పుడు, చిన్న గుంటకే లోపల రబ్బరు దిమ్మ తగిలి కుదుపు రావడం, టైరు లోపలి అంచు అరిగిపోవడం కూడా గుర్తులే. విరిగేది ఎక్కువగా అడుగు చుట్టే. పల్నాడులో దీనికి నల్లరేగడి కూడా తోడవుతుంది. వానాకాలంలో పొలం దారిన వెళ్లిన బండికి ఆ మట్టి కింది పళ్లెంలో పేరుకుని, ఎండినట్టు కనిపిస్తూనే లోపల తేమను పట్టి ఉంచుతుంది. రంగు రాలినచోట తుప్పు చిన్న గుంటలు చేస్తుంది. మెలితిరిగే తీగలో ఒత్తిడంతా పైపొరలోనే ఎక్కువ కనుక పగులు సరిగ్గా ఆ గుంటలోనే మొదలవుతుంది. విరిగిన కొన బయటికి తన్నితే పక్కనే తిరిగే టైరును కోసేస్తుంది.

ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర కనిపించిన ఒక 800. దాని ఎడమ పక్కను నాపరాళ్ల దొంతి మీద నిలబెట్టారు, చక్రం ఊడదీసి ఉంది. కుంగిపోయిన స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు కుక్కి, అవి జారకుండా కట్టుడు తీగ చుట్టారు. కుర్రవాడొకడు భుజాల దాకా కారు కిందకు దూరి ఉన్నాడు. నాపరాయి ఈ నేలకు అన్నం పెట్టిన రాయి. మాచర్ల, దాచేపల్లి చుట్టుపక్కల గనుల నుంచి వెళ్లిన పలకలతో వేలాది ఇళ్లకు గచ్చులు వేశారు. పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టే అది అంత చక్కగా పలకలుగా చీలుతుంది. పలకగా చీలే గుణమున్న రాయి కారు బరువు ఒక అంచు మీద పడినా చీలుతుంది, అదీ ముందుగా చెప్పకుండా. ఇటుక, సిమెంటు దిమ్మ కూడా అంతే. కారు కిందకు తల పెట్టేవారికి ఇనుప స్టాండు తప్ప మరొకటి చాలదు.

బఫర్లు కుక్కి తీగ చుట్టడం వెనుక ఉన్న ఆలోచన మాత్రం తీసిపారేసేది కాదు. పాతదాన్ని పారేయకుండా బాగుచేసుకోవాలన్నది ఈ కాలమ్ మొదటినుంచీ పట్టుకున్న మాట. చేతిపంపు వాషరు దగ్గర్నుంచి మిక్సీ కార్బన్ బ్రష్షుల దాకా ఇక్కడ వాదించింది అదే. ఈ ప్రాంతంలో ఆ మాటకు మంచి సాక్ష్యం లారీల కమాను కట్టలు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద, సున్నం బట్టీల పిడుగురాళ్ల వైపు, సిమెంటు, ముగ్గురాయి మోసే లారీలకు కమాను కట్ట విరగడం మామూలు సంగతి. కమాను పనివాడు యూ బోల్టులు విప్పి కట్టను దించుతాడు, సెంటర్ బోల్టు తీసి పట్టీలను విడదీసి వరసగా పరుస్తాడు. విరిగిన పట్టీ ఒక్కటే పక్కకు పోతుంది, దాని కొలతకు మరొకటి వస్తుంది. వంపు పోయి చదునైన పట్టీని దిమ్మ మీద చల్లగానే పెట్టి, వేలెడు వేలెడు జరుపుతూ సుత్తితో కొడతాడు. ప్రతి దెబ్బకూ పట్టీ కొద్దికొద్దిగా వంపు తిరుగుతుంది. పక్క పట్టీ మీద ఆనించి, సందులోంచి వెలుతురు ఎంత కనపడుతోందో చూసి మళ్లీ కొడతాడు. ఏ పుస్తకమూ చూడకుండా చేసే ఆ పనిలో ఎంతో లెక్క ఉంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకునే రాపిడే కుదుపును కొంత అణచివేస్తుంది. ఒక పట్టీ విరిగినా మిగతావి బరువు మోస్తూ బండిని షెడ్డు దాకా చేరుస్తాయి.

ఇక పనికిరాదని పక్కన పడేసిన పట్టీ కూడా వృథా కాదు. అది ఊరి కొలిమికి చేరుతుంది. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొడవలి చేస్తాడు, తుమ్మకొమ్మలు నరికే మచ్చుకత్తి చేస్తాడు, గుంటకకు ఇనుప బద్ద చేస్తాడు. చివర్లో అంచును మళ్లీ కాల్చి, ముంచి, పాయనం పెడతాడు. పెట్టకపోతే కత్తి మొదటి కట్టెకే మొండిబారుతుంది. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చిన క్షణాన దానిలోని స్ప్రింగుతనం పోతుందని కమ్మరికి బాగా తెలుసు. అందుకే అతను దాన్ని తిరిగి స్ప్రింగు చేయాలని చూడడు, వేరే వస్తువు చేస్తాడు.

సరిగ్గా ఇక్కడే పాతదాన్ని బాగుచేయాలన్న మాట కాయిల్ స్ప్రింగు ముందు ఓడిపోతుంది. కమాను కట్టలో పది పట్టీలుంటే కాయిల్‌లో ఉండేది ఒకే తీగ. అది విరిగితే మోయడానికి పక్కన ఇంకొకటి లేదు. ఆ తీగను కార్ఖానాలో కొలిమి వేడిమిని లెక్కకట్టి కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచి పాయనం పెడతారు. తరువాత చిన్న ఉక్కు గుండ్లతో పైపొరను కొట్టి గట్టిపరుస్తారు. గ్యాసు మంట పెట్టి సాగదీస్తే మంట తగిలినచోట ఆ గుణమంతా పోతుంది. వెల్డింగు పెడితే అతుకు పక్కనే తీగ పెళుసుబారుతుంది. చుట్టు కోసి బండిని కిందకు దించితే మిగిలిన చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. రబ్బరు బఫరు కుక్కితే ఎత్తు వస్తుంది కానీ, అది ఉన్న చుట్లు కదలక పనంతా మిగతా చుట్ల మీద పడుతుంది. కాబట్టి కుంగిపోయిన స్ప్రింగుకు, విరిగిన స్ప్రింగుకు దారి ఒక్కటే. ముందు రెండూ కలిపి కొత్తవి వేయాలి. ఒక్కటే మారిస్తే రెండు పక్కలా ఎత్తు, బిగువు తేడా వచ్చి బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగుతుంది.

నొక్కిన స్ప్రింగులో ఎంత శక్తి దాగి ఉంటుందో చెప్పడానికి ఒక లెక్క చాలు. మిల్లీమీటరు నొక్కడానికి 20 న్యూటన్లు కావలసిన స్ప్రింగును 150 మిల్లీమీటర్లు నొక్కితే అది 3,000 న్యూటన్లతో, అంటే సుమారు 300 కేజీల బరువుతో తిరిగి తోస్తుంది. అందులో నిలవ ఉండే శక్తి 225 జౌళ్లు. పది కేజీల రాయి సుమారు 2.3 మీటర్ల ఎత్తు నుంచి తల మీద పడటంతో సమానం.

పని చదునైన గట్టి నేల మీదే చేయాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా కొయ్య దిమ్మలు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కొద్దిగా వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తి, కంపెనీ చూపిన చోట రెండు పక్కలా స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదకు దించాలి. ఊడదీసిన చక్రాన్ని బాడీ కిందకు తోస్తే అది రెండో కాపలా. బానెట్ ఎత్తగానే స్ట్రట్ నడినెత్తిన కనిపించే నట్టును ఈ దశలో ముట్టుకోకూడదు. పక్కన స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచే చిన్న నట్లు వేరు, నడుమ ఉన్నది వేరు. స్ట్రట్‌కు తగిలించిన బ్రేకు గొట్టాన్ని క్లిప్పు తీసి విడదీయాలి. బ్రేకు క్యాలిపర్ బరువు గొట్టం మీద వేలాడకుండా తీగతో కట్టాలి. కింద చక్రాన్ని పట్టే నకల్‌కు బిగించిన బోల్టులు ఉన్న చోటును సుద్దతోనో గీతతోనో గుర్తుపెట్టుకుని విప్పాలి. నకల్‌ను బయటికి ఎక్కువగా లాగితే యాక్సిల్ లోపలి జాయింటు ఊడివస్తుంది, అదీ గమనించాలి. పైన బాడీకి పట్టిన చిన్న నట్లలో చివరిదాన్ని విప్పేటప్పుడు మరో చేయి స్ట్రట్ కింద ఉండాలి. ఇంతవరకు శ్రద్ధ ఉన్న యజమాని ఎవరైనా చేయగలడు.

ఆ తరువాతి పనికి పనిముట్టు కావాలి. షెడ్డులో బల్లకో స్తంభానికో బిగించిన స్ప్రింగు ప్రెస్ దొరికితే ఊడదీసిన స్ట్రట్‌ను అక్కడికే తీసుకువెళ్లడం మేలు. ఇంట్లో చేసే పనికన్నా ఇదే మంచిదని ఈ కాలమ్ గట్టిగా చెబుతోంది. ప్రెస్ దొరకనప్పుడు వాడే రెండు కొక్కేల కంప్రెసర్లను స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్లు అందేలా తగిలించాలి. మరలకు గ్రీజు రాయాలి. అరిగిన మర, వంగిన కొక్కెం ఉన్న కంప్రెసరును ఎంత చవకగా వచ్చినా వాడకూడదు. చేతి స్పానరుతో ఇటు కొంచెం, అటు కొంచెం సమంగా బిగించాలి, గాలి గన్ను వాడరాదు. స్ప్రింగు గుండా ఒక గొలుసు చుట్టి ఉంచడం అదనపు జాగ్రత్త. స్ట్రట్ రెండు కొనల ఎదుట ముఖం కానీ, మరో మనిషి కానీ ఉండకూడదు. స్ప్రింగు చివరలు పళ్లెం నుంచి, కప్పు నుంచి వదిలి చేత్తో కదలగలిగేంత వరకే నొక్కాలి. అది కళ్లతో చూశాకే నడినెత్తి నట్టు విప్పాలి, కడ్డీ తిరగకుండా పట్టుకుని. నొక్కి ఉన్న స్ప్రింగును ఒకచోటి నుంచి మరోచోటికి మోయకూడదు, కింద పడేయకూడదు. పాతదాన్ని కూడా అదే నెమ్మదితో వదులు చేయాలి.

కొత్త స్ప్రింగును పాతదాని పక్కన నిలబెట్టి తీగ మందం, చుట్ల సంఖ్య, చివరల ఆకారం చూడాలి. కుంగిపోయిన పాతది కొంత పొట్టిగా ఉండటం సహజం, మందం మాత్రం కలవాలి. విప్పినప్పుడే పై రబ్బరు మౌంటు, బేరింగు, బంప్ రబ్బరు, దుమ్ము తొడుగు చూసుకుంటే మళ్లీ ఇదంతా విప్పే పని తప్పుతుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీని లాగి వదిలినప్పుడు ఆగి ఆగి కదిలినా, నూనె కారినా దాన్నీ మార్చాలి. స్ప్రింగు అడుగు కొన పళ్లెంలోని మెట్టుకు సరిగ్గా ఆనాలి. నట్టు కొత్తది వేసి, మాన్యువల్లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాకే కంప్రెసర్లను వదలాలి.

బండికి ఎక్కించాక బ్రేకు గొట్టం మెలిపడలేదని స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. వీల్ నట్లను ఎదురెదురుగా బిగించి, బండి నేల మీదకు దిగాక మరోసారి బిగించాలి. కదలకముందే బ్రేకు పెడల్ నొక్కి చూడాలి. నకల్ బోల్టులు విప్పినందున చక్రాల వాలు మారి ఉంటుంది, కనుక నరసరావుపేటలోనో గుంటూరులోనో అలైన్‌మెంట్ చేయించే వరకు నిదానంగానే నడపాలి. ముందు భాగం ఎత్తు పెరిగితే హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలోకి పోతుంది, వాటినీ దించి సరిచేయాలి. మొదటి వంద కిలోమీటర్ల తరువాత స్ట్రట్ బోల్టులన్నీ మరోసారి టార్క్ రెంచితో చూసుకోవాలి.