చివరి పసుపు దీపం దగ్గర

డ్రాగ్ రేసు చూడటానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ముగింపు గీత వైపే మెడలు చాస్తారు. పావు మైలు, అంటే 1,320 అడుగుల తిన్నటి దారి. రెండు కార్లు బయల్దేరతాయి, పది పన్నెండు సెకన్లలో పని అయిపోతుంది. మలుపు లేదు, ఎత్తుపల్లం లేదు. తిన్నగా పోయేదానికి నేర్పెందుకు, పెద్ద ఇంజిన్ ఉంటే చాలదా అని తొలిసారి చూసినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే మాత్రం బయల్దేరే గీత దగ్గర నిలబడాలి. అదీ పెద్ద పేరున్న కార్ల దగ్గర కాదు. అమెరికాలో వారాంతాల్లో చిన్నాపెద్దా ట్రాకుల మీద ‘ఫుట్‌బ్రేక్’, ‘నో బాక్స్’ అని పిలిచే తరగతులు నడుస్తాయి. ఎలక్ట్రానిక్ పెట్టె సాయం లేకుండా, కంటితో చూసి తన చేత్తోనో కాలితోనో కారును వదిలే పందెం అది. పనితనం ఎలా ఉంటుందో అక్కడ చూడొచ్చు.

రెండు దారుల మధ్య దీపాల స్తంభం ఒకటి ఉంటుంది. క్రిస్మస్ ట్రీ అంటారు దాన్ని. నేలకు కాస్త ఎత్తులో, దారికి అడ్డంగా రెండు కాంతిరేఖలు ఉంటాయి. మొదటిది ప్రీ-స్టేజ్, దానికి ఏడంగుళాల అవతల స్టేజ్. ముందు టైరు ఆ రేఖలకు అడ్డం పడ్డప్పుడు స్తంభం మీద చిన్న దీపాలు వెలిగి, కారు ఎక్కడ నిలబడిందో చెబుతాయి. ఇద్దరూ సిద్ధపడ్డాక మూడు పసుపు దీపాలు పైనుంచి కిందికి అర సెకను ఎడంతో ఒకటొకటిగా వెలుగుతాయి. మరో అర సెకనుకు పచ్చ. పచ్చ వెలగకముందే టైరు రేఖను వదిలిందా, ఎర్రదీపం పడుతుంది, పందెం పోతుంది. పచ్చ వెలిగిన క్షణం నుంచి టైరు రేఖను వదిలే క్షణం దాకా పట్టే సమయాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. 0.000 వస్తే అంతకు మించింది లేదు.

ఇక్కడే ఉంది కిటుకు. పచ్చదీపం చూసి కదిలినవాడు అప్పటికే ఓడిపోయాడు. దీపం కంటపడి కాలు కదలడానికి ఎంత చురుకైన మనిషికైనా సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. కాలు కదిలాక కారు కదలాలి. బ్రేకు పట్టు వదలాలి, వెనక టైరు ముడతపడి దారిని కరవాలి, కారు ముక్కు పైకి లేవాలి, ఆపైన ముందు టైరు అడుగుకు కాస్త అటూఇటూగా దొర్లితే గానీ కాంతిరేఖ మీద నుంచి తప్పుకోదు. ఈ దొర్లే దూరాన్ని రోల్‌అవుట్ అంటారు. అన్నీ కలిపితే సుమారు అర సెకను. చివరి పసుపు దీపానికీ పచ్చకీ మధ్య ఉన్నదీ అర సెకనే. కాబట్టి ఈ డ్రైవరుకు పచ్చతో పనే లేదు. చివరి పసుపు తళుక్కుమన్న క్షణమే అతని ముహూర్తం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికీ దాదాపు ఇంతే సమయం పడుతుంది. అయితే బ్యాట్స్‌మన్ ఆ బంతిని వదిలేయొచ్చు. ఇక్కడ వదిలేయడానికి వీల్లేదు.

ఫుట్‌బ్రేక్ డ్రైవరు కాళ్లను గమనించండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కారు. ఎడమకాలు బ్రేకును అదిమి పట్టి ఉంటుంది, కుడికాలు యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా తొక్కుతూ ఇంజిన్ రౌండ్లు పెంచుతుంది. ఇంజిన్ ముందుకు తోస్తుంటుంది, బ్రేకు ఆపుతుంటుంది. రౌండ్లు ఎక్కువైతే కారు బ్రేకును లెక్కచేయకుండా ముందుకు జరిగి కాంతిరేఖ దాటేస్తుంది. తక్కువైతే బయల్దేరడంలో నీరసం. ఈ రెంటికీ మధ్య సన్నటి జాగా ఉంది, ప్రతిసారీ అక్కడే కారును నిలబెట్టాలి. నిన్న 2,400 రౌండ్ల దగ్గర వదిలితే ఇవాళా 2,400 దగ్గరే వదలాలి. పై రెండు దీపాలు వెలుగుతున్నప్పుడు కాలు ‘ఇక పోదామా’ అని లాగుతుంది. ఆగాలి. మూడోదాని కోసం మరీ కాచుకుని కూర్చుంటే కండరం బిగుసుకుపోతుంది. 0.020 వస్తే మంచి పని చేసినట్టు. 0.060 వస్తే ఎదుటివాడికి చోటిచ్చినట్టు. వెయ్యో వంతు తొందరపడితే ఇంటిదారి. రోజంతా వరసగా ఆరేడు పందేల్లో ఈ పని తప్పకుండా చేయగలిగినవాణ్ణి నేను చేయి తిరిగిన పనివాడనే అంటాను.

ఈ పనిలో కొంత భాగాన్ని మనిషి చేతిలోంచి తీసుకున్న పరికరం డిలే బాక్స్. 1980ల్లో పందేల్లోకి వచ్చింది. అది పెట్టిన కార్లలో ట్రాన్స్‌బ్రేక్ ఉంటుంది. గేర్‌బాక్స్ లోపల ముందు గేరును, రివర్స్‌ను ఒకేసారి పట్టించి కారును కదలనీయకుండా బిగించే ఏర్పాటు అది. స్టీరింగ్ మీద బటన్ వదిలితే పట్టు సడలుతుంది. పెట్టె ఉన్న డ్రైవరు మొదటి పసుపు దీపం చూడగానే బటన్ వదిలేస్తాడు. పెట్టె తనకు ముందే చెప్పి ఉంచినంత సేపు, సెకనుకు పైచిలుకు, లెక్కపెట్టి అప్పుడు కారును వదులుతుంది. ఎర్రదీపం పడిందా, అంకె కాస్త పెంచుకుంటే సరి. వాళ్ల నేర్పునూ తీసిపారేయను. మొదటి దీపానికి బొటనవేలు ప్రతిసారీ ఒకేలా స్పందించడం చిన్న సంగతి కాదు. కానీ ఆగడమనే పని మనిషి చేయడం లేదు, పెట్టె చేస్తోంది. అందుకే చాలా ట్రాకులు పెట్టె ఉన్నవాళ్లకు ఒక తరగతి, లేనివాళ్లకు వేరే తరగతి పెట్టాయి. నో బాక్స్ తరగతుల్లో చాలాచోట్ల ట్రాన్స్‌బ్రేక్‌ను ఒప్పుకుంటారు, పెట్టెను మాత్రం కాదు. ఫ్యాక్టరీ కార్లతో ఆడే స్టాక్ ఎలిమినేటర్‌లో రెండూ నిషేధమే.

పెట్టె లేకపోతే సర్దుబాటే లేదనుకోవద్దు. ఉంది, కాకపోతే చేతులకు గ్రీజు అంటుతుంది. వరసగా ఎర్రదీపాలు పడుతున్న డ్రైవరు ముందు టైర్లలో గాలి తగ్గిస్తాడు. గాలి తగ్గితే ఇరుసు కిందికి దిగుతుంది, కాంతిరేఖ ఎత్తులో టైరు వెడల్పు పెరుగుతుంది, రేఖను దాటడానికి మరికాస్త సమయం పడుతుంది. ఆలస్యమవుతున్నవాడు గాలి పెంచుతాడు, లేదా చిన్న టైర్లు వేస్తాడు. కొందరు ప్రీ-స్టేజ్ దీపం ఆరిపోయేదాకా కారును లోపలికి జరుపుతారు, దీన్ని డీప్ స్టేజింగ్ అంటారు. దొర్లాల్సిన దూరం తగ్గి స్పందన మెరుగవుతుంది. కాకపోతే పరుగు సమయం ఆ మేరకు పెరుగుతుంది, ఎందుకంటే పరుగు గడియారం టైరు రేఖను వదిలాకే మొదలవుతుంది. ముందు స్ప్రింగులు ఎంత లేవాలో, బయల్దేరే రౌండ్లు ఎన్ని ఉండాలో, అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. టైరు గాలి కొలిచే చిన్న గేజితో సెకనులో వందో వంతును దిద్దుకునే ఈ పద్ధతి కన్నా ముచ్చటైనది మోటారు పందేల్లో ఇంకొకటి నాకు కనిపించలేదు.

వెనక్కి వెళితే దీపాలు కూడా లేని రోజులున్నాయి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో సి.జె. హార్ట్ విమానాశ్రయం రన్‌వే మీద పందేలు నడిపాడు. మరుసటేడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. వీధుల్లో పందేలు కాసే కుర్రాళ్లను నియమాలున్న ట్రాకు మీదికి తేవడం దాని తొలి ఉద్దేశాల్లో ఒకటి. (హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అర్ధరాత్రి బైకులతో ఆగం చేసేవాళ్ల గురించి చదివినప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది. మన దేశంలోనూ లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద పద్ధతిగా డ్రాగ్ పోటీలు జరిగాయి.) ఆ రోజుల్లో జెండా పట్టుకున్న మనిషే సంకేతం ఇచ్చేవాడు. డ్రైవర్లు జెండాను కాదు, ఆ మనిషి భుజాన్ని, మోకాలిని చూసేవాళ్లు, జెండా లేవకముందే అతని ఒళ్లు చెప్పేస్తుంది కనుక. 1963లో దీపాల స్తంభం వచ్చాక ఆ చదువు పనికిరాకుండా పోయి, కొత్త చదువు మొదలైంది.

చేతి పనితనం మాటొస్తే రానీ సాక్స్‌ను తలవకుండా ఉండలేం. నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్ నుంచి బడీ మార్టిన్‌తో జతగా ప్లిమత్ కార్లు నడిపినవాడు. ‘మిస్టర్ ఫోర్ స్పీడ్’ అన్న పేరు ఊరికే రాలేదు. నాలుగు గేర్ల మాన్యువల్ కారు, కాలికింద క్లచ్, పక్కన గేర్ లివర్. రెండో గేరు నుంచి మూడోదానికి వెళ్లేటప్పుడు లివర్ పక్కకు జరిగి పైకి పోవాలి. ఇంజిన్ గరిష్ఠ రౌండ్ల మీద ఉన్నప్పుడు అక్కడ వేలెడు తప్పినా గేరు పడదు, బరువు తప్పిన ఇంజిన్ పిచ్చిగా తిరిగి పాడవుతుంది. గట్టిగా గుంజేవాళ్లు తప్పుతారు, మెల్లగా వేసేవాళ్లు ఓడతారు. సాక్స్‌కు పేరు తెచ్చింది ఈ మార్పును వేగంగా, తప్పకుండా వేయగలగడమే. 1970లో ప్రో స్టాక్ తరగతి పుట్టినప్పుడు పొమోనాలో జరిగిన తొలి ఫైనల్లో బిల్ జెంకిన్స్ చేతిలో ఓడినా, ఆ తర్వాతి రెండేళ్లలో ఆ తరగతిలో అందరూ అందుకోవాలని చూసింది అతన్నే. అతనూ మార్టినూ ప్లిమత్ డీలర్ల దగ్గర క్లినిక్‌లు పెట్టి, కారు కొన్నవాళ్లకు దాన్ని పందేనికి ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పేవాళ్లు. ప్రో స్టాక్ 2016లో కార్బురేటర్లను వదిలి ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరాకు మారింది. కాలం అలా పోయింది.

ఒక విడ్డూరం. అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్ కార్లలోనూ కంప్యూటర్ కారును నడపకూడదు. 11,000 హార్స్‌పవర్ దాకా ఉన్న ఆ యంత్రాల్లో కంప్యూటరు పని రాసుకోవడమే. క్లచ్ ఎప్పుడు ఎంత పట్టాలో గాలి ఒత్తిడితో నడిచే టైమర్లు చూసుకుంటాయి, వాటిని ముందే అమర్చేది మెకానిక్.

తిరిగి మన వారాంతపు పందేనికి వద్దాం. అక్కడ వేగమైన కారే గెలవాలని లేదు. కారు ఎన్ని సెకన్లలో పరుగు పూర్తిచేస్తుందో డ్రైవరే ముందుగా చెప్పాలి. తెల్ల బూట్ పాలిష్‌తో అద్దం మీద రాస్తాడు, దాన్ని డయల్-ఇన్ అంటారు. 12.50 రాసిన కారుకూ 10.80 రాసిన కారుకూ పోటీ పడితే, నెమ్మది కారుకు 1.70 సెకన్లు ముందుగా దీపాలు వెలుగుతాయి. ఎవరైనా తాను రాసిన దానికన్నా వేగంగా పోతే బ్రేకవుట్, మామూలుగా ఓటమే. అంటే తన కారు ఈ గంటలో, ఈ గాలిలో ఎంత పోతుందో వందో వంతు తేడాతో చెప్పగలగాలి. మధ్యాహ్నం ఎండలో గాలి పలచబడి కారు మందగిస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ చురుకవుతుంది. అందుకే ప్రతి పరుగునూ ఉష్ణోగ్రత, తేమ, గాలి ఒత్తిడితో సహా పుస్తకంలో రాసుకుంటారు. ఇంజిన్ నీళ్ల వేడి ప్రతిసారీ ఒకే దగ్గర ఉండేలా చూసుకుంటారు, వెనక టైర్లను నీటిగుంటలో తిప్పి వేడెక్కించే సేపును కూడా లెక్కపెట్టుకుంటారు. చప్పుడు చేసేది ఇంజినే గానీ, ఈ పందెం సగం గెలిచేది పుస్తకం.

మిగతా సగం ముగింపు దగ్గర. పై రెండు కార్లనే తీసుకుందాం. నెమ్మది కారు డ్రైవరు 0.030తో బయల్దేరి 12.52 పోయాడు, కలిపితే 0.050. వేగపు కారు డ్రైవరు 0.022తో బయల్దేరి 10.82 పోయాడు, 0.042. గెలుపు రెండోవాడిది, తేడా 0.008. గంటకు 190 కిలోమీటర్ల వేగంలో అది అడుగున్నర లోపు. అతను వెనకనుంచి తరుముతూ ముందు కారు ఎంత దూరంలో ఉందో చూసి, దాటడానికి సరిపడా మాత్రమే దాటి, అవసరమైతే చివరి గజాల్లో యాక్సిలరేటర్ వదిలి, 10.80 కిందికి జారకుండా చూసుకోవాలి. ముందున్నవాడు పక్కకు చూస్తూ అదే లెక్క తిరగేసి వేయాలి. ఇదంతా ఏ మీటరూ చెప్పదు.

డాలస్ ప్రాంతంలో ఉండే తెలుగువాళ్లకు ఇది చూడటం కష్టం కాదు. నగరానికి దక్షిణంగా, గంటలోపు దారిలో ఎనిస్ దగ్గర టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. 1986లో బిల్లీ మేయర్ కట్టించాడు, పావు మైలు పొడుగునా కాంక్రీటు వేశాడు. వెళ్లేముందు ఫుట్‌బ్రేక్ కార్లున్న రోజేదో కనుక్కోండి. పిల్లలకు చెవులు మూసే ఇయర్‌మఫ్‌లు తప్పకుండా తీసుకెళ్లండి. బయల్దేరే గీత వెనక నిలబడి, బ్రేక్ లైట్లు పనిచేసే కారును ఎంచుకుని, మూడో పసుపు దీపం వెలగడానికీ ఆ ఎర్ర లైట్లు ఆరడానికీ మధ్య ఎంత ఎడముందో చూడండి. మంచి డ్రైవరైతే మీ కంటికి ఆ ఎడం దాదాపు తెలియదు.