'బాటిల్ ఆఫ్ ఆల్జియర్స్' - పల్నాటి నుండి ఒక పరిశీలన

విదేశీ పాలనపై ప్రజల తిరుగుబాటును చిత్రించిన సినిమాలలో ఇటలీ దర్శకుడు జిల్లో పొంటెకోర్వో 1966లో తీసిన 'బాటిల్ ఆఫ్ ఆల్జియర్స్'కు ప్రత్యేక స్థానం ఉంది. ఆ ఏడే వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణసింహ పురస్కారం పొందిన ఈ చిత్రం ఫ్రాన్సులో మాత్రం కొన్నేళ్లపాటు ప్రదర్శనకు నోచుకోలేదు. అదే 1966లో మన 'పల్నాటి యుద్ధం' రెండవసారి తెరకెక్కింది. మన సినిమాకు పల్నాడంటే బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలమే. 1921-22లో పుల్లరి కట్టేది లేదని తెగేసి చెప్పిన రైతుల పల్నాడు దాని కంటికి అంతగా ఆనలేదు.

ఈ చిత్రానికి నాయకుడు ఒక వ్యక్తి కాదు. అలీ లా పాయింట్ ప్రధాన పాత్రే అయినా, 1957 అక్టోబరులో అతని మరణంతో కథ ముగియదు; 1960 డిసెంబరులో వీధుల్లోకి ఉప్పెనలా వచ్చిన జనంతో ముగుస్తుంది. మన 'అల్లూరి సీతారామరాజు' (1974) గొప్ప చిత్రమే. కాని అందులో వీరుని వెలుగు ముందు మన్యం ప్రజ కొంత మరుగున పడింది.

1957 జనవరిలో కస్బా ప్రజలు జరిపిన సమ్మె దృశ్యాలు పల్నాటివారికి కొత్తగా తోచవు. సైనికులు దుకాణాలు బలవంతంగా తెరిపిస్తారు, జనాన్ని ఇళ్లనుండి ఈడ్చుకొస్తారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణోద్యమాలు కలిసి నడిచిన రోజుల్లో పల్నాటి గ్రామాలు సర్కారు ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. పాలితుల సహకారం లేనిదే పాలన సాగదన్న సత్యం రెండుచోట్లా ఒక్కటే.

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. 1956లో కస్బా ఇళ్లమధ్య అర్ధరాత్రి బాంబు పేలుతుంది. దానికి బదులుగా ముగ్గురు స్త్రీలు హోటళ్లు వంటి ఫ్రెంచివారు చేరే చోట్ల బాంబులు పెడతారు. అవి పేలేముందు కెమెరా ఐస్‌క్రీం తింటున్న పసివాని ముఖంపై నిలుస్తుంది. ఇరుపక్షాల మృతులకూ ఒకే విషాద సంగీతం వినిపించడం దర్శకుని నిజాయితీకి నిదర్శనం.

కాని చిత్రంలో ఒక లోటు ఉంది. 1954 నవంబరు 1 నాటి విముక్తి ప్రకటన ఇస్లామీయ సూత్రాల పరిధిలో స్వతంత్ర రాజ్యాన్ని కోరింది. సిరియాకు సైన్యాన్ని పంపుతూ హజ్రత్ అబూబక్ర్ (ర) స్త్రీలను, పసివారిని, వృద్ధులను చంపవద్దనీ, ఫలవృక్షాలను నరకవద్దనీ ఆదేశించారు. ఆ గీటురాయిపై హోటల్ బాంబు నిలవదు. చిత్రంలో మతం మద్యనిషేధంగా, నికాహ్‌గా, పర్దాగా కనిపిస్తుందే తప్ప, పోరాడే చేతిని అదుపుచేసే ధర్మంగా కనిపించదు. పీడకుని అన్యాయం ఎంత ఘోరమైనా, పీడితునికి ఆ హద్దు చెరిగిపోదు.

2003లో, ఇరాక్ ఆక్రమణ సాగుతుండగా, అమెరికా రక్షణశాఖ పెంటగాన్‌లో ఈ చిత్రాన్ని ప్రదర్శించింది. చిత్రహింసలతో కర్నల్ మాథ్యూ రహస్య సంస్థను ఛేదించడం చిత్రంలో ఉంది. అయినా 1962లో ఫ్రాన్సు నిష్క్రమించక తప్పలేదు. మరుసటి ఏడే, 2004లో, అబూగ్రైబ్ జైలు ఛాయాచిత్రాలు బయటపడ్డాయి. చిత్రాన్ని చూపినవారి సైన్యం అందులోని ముఖ్యమైన పాఠాన్ని గ్రహించలేదనే అనుకోవాలి.

ఈ చిత్రాన్ని పోరాట విధానాల కరదీపికగా చూసేవారు ఉభయపక్షాలలోనూ ఉన్నారు. ఇరువురూ ఆ పసివాని ముఖం దగ్గర ఒక్కక్షణం ఆగవలసి ఉంది.