పిల్లల చేతికి దుర్భిణి

పక్షిశాస్త్రం చాలాకాలం తుపాకి మీద ఆధారపడి సాగింది. పిట్టను కాల్చి, చేతిలోకి తీసుకుని, ముక్కునూ రెక్కలనూ కొలిస్తే తప్ప దాని జాతిని నమ్మకంగా చెప్పలేమని పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు భావించేవారు. 1930ల తొలి సంవత్సరాలలో హైదరాబాద్ సంస్థానంలో సలీం అలీ జరిపిన పక్షుల సర్వేలో సైతం నమూనాల సేకరణకు పెద్ద స్థానమే ఉండేది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో రూపొందించిన పట్టకాల అమరికను మెరుగుపరచి, జర్మనీలోని జైస్ సంస్థ 1894లో బైనాక్యులర్లను అమ్మకానికి తెచ్చిన తరువాత ఈ పద్ధతి క్రమంగా మారింది. దూరం నుంచి కనిపించే గుర్తులతోనే జాతిని పోల్చుకునే విధానాన్ని అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ 1934లో వెలువరించిన పుస్తకం, మన దేశంలో సలీం అలీ 1941లో వెలువరించిన పుస్తకం సామాన్య పాఠకుల ఇళ్లకు చేర్చాయి. ప్రాణిని చంపకుండా, దాని పనికి అడ్డురాకుండా దానిని తెలుసుకునే ఈ సంప్రదాయం పిల్లలకు అప్పగించదగిన విద్యలలో ఎంతో విలువైనది. అయితే వారి చేతికీ ముఖానికీ సరిపోని పరికరాన్ని ఇస్తే ఆ ఆసక్తి మొదటి వారంలోనే చల్లారిపోతుంది.

ప్రతి బైనాక్యులర్ మీదా 6×30, 8×42 వంటి రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఆవర్ధనం, అంటే వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో తెలిపేది. రెండవది వస్తు కటకపు వ్యాసం, అంటే పక్షి వైపు ఉండే అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉందో తెలిపేది. మొదటి అంకె పెద్దదైన కొద్దీ పరికరం మేలైనదని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు గాని, పిల్లల విషయంలో ఆ నమ్మకం పూర్తిగా తప్పు. పక్షి పది రెట్లు దగ్గరైతే చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది. సాధారణంగా ఒకే చూపులో కనిపించే మేర, అంటే దృష్టి క్షేత్రం, కుంచించుకుపోయి, కొమ్మల మధ్య క్షణం నిలవని తేనెపిట్టను వెతికి పట్టుకోవడం అసాధ్యమవుతుంది. పదేళ్ల లోపు పిల్లలకు ఆరు రెట్లు చాలు, ఆపై వయసువారికి ఎనిమిది రెట్లకు మించనక్కరలేదు.

రెండవ అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చే ఫలితానికి అంతకన్నా ప్రాధాన్యం ఉంది. బైనాక్యులర్‌ను చేయి చాచి పట్టుకుని అక్షి కటకంలోకి, అంటే కంటివైపు ఉన్న అద్దంలోకి చూస్తే చిన్న వెలుగు వృత్తం కనిపిస్తుంది. పక్షి నుంచి వచ్చే కాంతి అంతా ఆ వృత్తం గుండానే కంటిపాపను చేరుతుంది. 6×30లో దాని వ్యాసం 5 మిల్లీమీటర్లు, జేబులో పట్టే 10×25లో 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. పిల్లలు పరికరాన్ని కదలకుండా పట్టుకోలేరు కనుక, వృత్తం చిన్నదైతే కన్ను దాని నుంచి మాటిమాటికీ తప్పిపోయి దృశ్యం నల్లబడుతుంది. “నాకేమీ కనిపించడం లేదు” అని పిల్లలు విసుగుపడినప్పుడు లోపం తరచుగా వారి శ్రద్ధలో కాదు, ఈ కొలతలో ఉంటుంది.

రెండు కంటిపాపల మధ్య దూరాన్ని కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. పెద్దవారిలో అది సగటున 63 మిల్లీమీటర్ల దాకా ఉండగా, ఐదారేళ్ల పిల్లలలో 50 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. పెద్దల కోసం చేసిన అనేక నమూనాలు మధ్య కీలు వద్ద ఎంత మడిచినా 56 మిల్లీమీటర్ల కన్నా దగ్గరకు రావు. అటువంటి దానిలో చిన్నపిల్ల ఒక కంటితోనే చూడగలుగుతుంది, లేదా ఒకదానిపై ఒకటి అతకని రెండు వృత్తాలు చూస్తుంది. బరువు కూడా 500 గ్రాములు దాటకపోవడం మంచిది. కళ్లద్దాలు ధరించే పిల్లల కోసం అక్షి కటకాల చుట్టూ ఉండే రబ్బరు అంచులు వెనక్కి మడిచేలా ఉండాలి. సీతాకోకచిలుకలు, తూనీగల మీద ఇష్టం ఉన్నవారికి ఎంత దగ్గరి వస్తువు వరకు స్పష్టంగా కనిపిస్తుందన్నది ముఖ్యం. పెంటాక్స్ వారి పాపిలియో 6.5×21లో అర మీటరు దూరంలోని పురుగు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్రటి పూత మెరిసే చవక రకాలనూ, ప్లాస్టిక్ కటకాల ఆటవస్తువులనూ, తక్కువ ధరకు దొరికే జూమ్ రకాలనూ కొనకపోవడమే ఉత్తమం.

పరికరం చేతికి వచ్చాక నేర్పవలసిన మొదటి విద్య చూపు నిలపడం. పక్షిని ముందు వట్టి కంటితో గుర్తించి, చూపు దానిమీదనుంచి మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తేవాలి. పరికరాన్ని ముందు ఎత్తి తరువాత పక్షికోసం వెతికితే ఆకులే కనిపిస్తాయి. మధ్య చక్రాన్ని తిప్పి ఎడమ కంటికి, తరువాత కుడి అక్షి కటకపు వలయాన్ని తిప్పి కుడి కంటికి స్పష్టత కుదుర్చుకోవాలి. ఈ సాధనకు పెద్దగా, నెమ్మదిగా కదిలే పక్షులు అనుకూలం. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒడ్డునుంచే కనిపిస్తాయి కనుక తొలి పాఠానికి అంతకన్నా తగిన చోటు అరుదు. అక్కడికి వెళ్లలేని పిల్లలకు ఊరి చెరువుగట్టు మీది లకుముకి పిట్ట, బడి ఆవరణలోని గోరింక చాలు. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ బైనాక్యులర్ ఎత్తరాదు. కటకాలు కేంద్రీకరించిన ఎండ క్షణాలలో కంటిచూపును శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఈ నియమాన్ని పరికరం ఇవ్వడానికి ముందే చెప్పాలి.

కోస్తా జిల్లాల తేమలో కటకాల లోపల బూజు పడుతుంది కనుక, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో దాచడం అవసరం. బడులు ఖరీదైన ఒక్క పరికరాన్ని కొని బీరువాలో పెట్టే బదులు, సాధారణమైన 6×30 రకాలు నాలుగైదు కొని పిల్లలకు వంతులవారీగా ఇవ్వడం మేలు. కొనే తల్లిదండ్రులు పిల్లలను కూడా దుకాణానికి వెంట తీసుకువెళ్లి, రెండు కళ్లకూ ఒకే గుండ్రటి దృశ్యం కనిపిస్తున్నదో లేదో వారినే అడిగి, ఆ తరువాతే డబ్బు చెల్లించాలి.